ఇటాలియన్ పుల్లల స్టార్టర్లు: నీళ్ళూరకుండా, ఆకు నల్లబడకుండా

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. సాయంత్రం పార్టీ, ముప్పై మంది అతిథులు, ఆ తర్వాత భోజనం ఉంది. భోజనానికి ముందు మోజరెల్లా చీజ్, చెర్రీ టొమాటో, బేసిల్ (తులసి జాతి) ఆకు గుచ్చిన పుల్లలు పెట్టాలనుకుంటున్నారు. పోయినసారి ముందు రోజు రాత్రే అన్నీ గుచ్చి ఫ్రిజ్‌లో పెడితే, మర్నాటికి ట్రేలో నీళ్ళు నిలిచాయి, ఆకులు నల్లబడ్డాయి, తింటే చప్పగా ఉన్నాయి. ఈసారి అలా కాకుండా ఏం చేయాలి, ఎంత ముందుగా చేసుకోవచ్చు, ఇదే పద్ధతిలో ఇంకో రెండు రకాలు ఏం పెట్టవచ్చు అని అడిగారు. అతిథుల్లో కొందరు శాకాహారులు అని కూడా రాశారు.

నేను పన్నెండేళ్ళుగా చిన్న పార్టీలకు వండి ఇస్తున్నాను. మొదటి ఏడాది నాకూ అచ్చం ఇలాగే జరిగింది. నలభై మందికి రాత్రే గుచ్చి పెట్టుకున్నాను. ఉదయం మూత తీసేసరికి ఆకులన్నీ ఉడికించినట్టు నల్లగా అయిపోయాయి. వాళ్ళు నమ్మి పని ఇచ్చారన్న బాధతో ఆకులన్నీ ఒక్కొక్కటే తీసి, టొమాటోలు మళ్ళీ కోసి, మళ్ళీ గుచ్చాను. ఆ రోజు నుంచి వీటిని ఎప్పుడూ తేలిక పని అనుకోలేదు. పొయ్యి మీద చేసే వంటలో ఏదైనా తేడా వస్తే సరిదిద్దుకోవడానికి వీలుంటుంది. ఉప్పు చాలకపోతే వేస్తాం, పల్చగా ఉంటే ఇంకాసేపు మరిగిస్తాం. ఇక్కడ అలా కుదరదు. మీరు ఏది తెచ్చారో అదే నోట్లోకి వెళ్తుంది. చెడగొట్టేవి రెండే: తడి, చలి. పోయినసారి మీకు జరిగినవన్నీ ఈ రెండింటి వల్లే జరిగాయి.

టొమాటో బరువులో నూటికి 94 పాళ్ళు నీరే. తాజా మోజరెల్లాలోనూ సగానికి పైగా నీరే ఉంటుంది. పైగా దాన్ని అమ్మేదే ద్రవంలో నానబెట్టి. ఈ రెండింటినీ కోసి, ఉప్పు చల్లి, పక్కపక్కన పెట్టి రాత్రంతా వదిలేస్తే నీళ్ళు ఊరక ఏం చేస్తాయి? ఉప్పు తగిలిన చోటల్లా లోపలి నీరు బయటికి వస్తుంది. ఆ నీటితో పాటు రుచి కూడా ట్రేలోకి పోతుంది. మీకు చప్పగా అనిపించడానికి సగం కారణం అదే.

మిగతా సగం ఫ్రిజ్. టొమాటోను 12 డిగ్రీల కంటే తక్కువ చలిలో ఉంచితే దాని వాసనకు కారణమైన పదార్థాలు తగ్గిపోతాయి. తీపి, పులుపు అలాగే ఉంటాయి కానీ టొమాటో తింటున్నామన్న భావన పోతుంది. బేసిల్ వెచ్చని నేలల్లో పెరిగే మొక్క. పది డిగ్రీల లోపు చలిలో దాని ఆకు కణాలు దెబ్బతిని నల్లబడతాయి. ఫ్రిజ్ లోపల ఉండేది నాలుగైదు డిగ్రీలే కదా. మోజరెల్లా మాత్రం ఫ్రిజ్‌లోనే ఉండాలి, కానీ చల్లగా ఉన్నప్పుడు తింటే రబ్బరులా ఉంటుంది, పాల కమ్మదనం నాలుకకు అందదు. ఒకే పుల్ల మీద ఉన్న మూడింటికీ మూడు రకాల వాతావరణం కావాలి. అందుకే మూడింటినీ కలిపి రాత్రంతా ఒకే చోట పెట్టడం కుదరదు. విడివిడిగా సిద్ధం చేసుకుని చివర్లో కలపాలి.

ఇప్పుడు సరుకు సంగతి. మోజరెల్లా పేరు ఇటాలియన్‌లో తెంపడం, కోయడం అనే అర్థమున్న మొజ్జారే అనే మాట నుంచి వచ్చింది. వేడి నీళ్ళలో సాగదీసిన పాలముద్దను చేత్తో తెంపి ఉండలు చేస్తారు, అందుకే ఆ పేరు. ఉండల సైజును బట్టి పేర్లు ఉంటాయి. చిన్న గుడ్డు అంత ఉండేవి బొక్కొంచీని, చెర్రీ పండంత ఉండేవి చిలియెజీనె, ముత్యాల్లా ఉండేవి పెర్లీనె. మన పనికి చిలియెజీనె సరిగ్గా సరిపోతాయి. ఒక్కొక్కటి సుమారు పది గ్రాములు ఉంటుంది, కోయక్కర్లేదు. కోయకపోవడం ముఖ్యం, ఎందుకంటే కోసిన ముఖం నుంచే నీరు ఎక్కువగా కారుతుంది. అవి దొరక్క బొక్కొంచీని తెచ్చుకుంటే నాలుగు ముక్కలు చేసి, కోసిన వైపు బాగా ఆరబెట్టండి. పిజ్జా మీద తురుముకునే గట్టి మోజరెల్లాను ముక్కలు చేసి గుచ్చితే నీళ్ళు ఊరవు, నిజమే. కానీ అది కరిగించడానికి చేసిన చీజ్. చల్లగా తింటే మైనంలా ఉంటుంది. దానికి బదులు ఇంకో రకం స్టార్టర్ చేసుకోవడం మేలు.

గేదె పాల మోజరెల్లా వాడాలా అని చాలామంది అడుగుతుంటారు. ఇటలీలోని కాంపానియా ప్రాంతంలో చేసే మోజరెల్లా ది బూఫలా కాంపానాకు 1996 నుంచి యూరప్‌లో ప్రాంతీయ రక్షణ గుర్తింపు ఉంది. ప్లేటులో పెట్టుకుని, నూనె పోసుకుని, రొట్టెతో తినడానికి దాన్ని మించింది లేదు. పుల్లలకు మాత్రం నేను వద్దంటాను. అది మరీ మెత్తన, కోస్తే పాలు కారతాయి. అదే దాని గొప్పదనం, పుల్ల మీద అదే ఇబ్బంది. ఆవు పాలతో చేసే మోజరెల్లాను ఫియోర్ ది లాత్తె అంటారు. కాస్త గట్టిగా ఉండి పుల్ల మీద నిలుస్తుంది, ధర కూడా తక్కువ. అదే తీసుకోండి.

టొమాటో కొనేటప్పుడు రంగు కంటే వాసన చూడండి. తొడిమ దగ్గర ముక్కు పెట్టి పీలిస్తే ఆకు వాసన ఘాటుగా రావాలి. కాడతో సహా గుత్తిగా ఉన్నవి దొరికితే అవే తీసుకోండి. ఇంటికి తెచ్చాక ఫ్రిజ్‌లో పెట్టకండి, వంటింటి గట్టు మీదే ఉంచండి. పార్టీకి రెండు రోజుల ముందు కొంటే ఇంకా పండి తీపెక్కుతాయి.

మీ ఊళ్ళో ఇప్పుడు టొమాటో సీజన్ కాకపోతే, దొరికేవి ఎర్రగా ఉన్నా చప్పగా ఉంటే, ఒక ఉపాయం ఉంది. సగానికి కోసి, కోసిన వైపు పైకి పెట్టి, కాస్త ఉప్పు, ఒక చెంచా ఆలివ్ నూనె వేసి ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచండి. పూర్తిగా ఎండిపోకూడదు, అంచులు ముడుచుకుని మధ్యలో ఇంకా మెత్తగా ఉండాలి. నీరు పోయి రుచి చిక్కబడుతుంది. వీటిని ముందు రోజే చేసి పెట్టుకోవచ్చు, ట్రేలో నీళ్ళు నిలవడం అన్న సమస్యే ఉండదు. ఓవెన్ లేకపోతే నూనెలో నిల్వ చేసిన ఎండు టొమాటోలు వాడండి. అవి ఉప్పగా, గట్టిగా ఉంటాయి కాబట్టి సగం ముక్క చాలు.

బేసిల్ కట్టను కాడలు కాస్త కత్తిరించి, గ్లాసులో నీళ్ళు పోసి, పూలు పెట్టినట్టు పెట్టండి. ఎండ తగలని చోట, గది వేడిలో. పైన వదులుగా ఒక కవర్ కప్పితే వడలిపోదు. ఆకులు తుంచేది చివర్లోనే. కడగాల్సి వస్తే వెడల్పాటి గిన్నెలో నీళ్ళు పోసి ఒకసారి ముంచి తీయండి, పొడి గుడ్డ మీద పరిచి ఆరనివ్వండి. గుడ్డతో నొక్కి తుడిస్తే ఆకు కమిలిపోతుంది. కమిలిన చోటు గంటలో నల్లబడుతుంది. కత్తితో తరగడం కూడా అంతే. మరీ పెద్ద ఆకులు పక్కన పెట్టి, బొటనవేలంత ఉన్నవి ఏరుకోండి. పెద్దవి మడిస్తే మధ్య ఈనె దగ్గర విరిగి మచ్చ పడుతుంది, పైగా నోట్లో ఆకు ముక్క నమిలినట్టే ఉంటుంది.

ఇక గుచ్చే క్రమం. దాదాపు అందరూ టొమాటో, ఆకు, చీజ్ అని చేతికి ఏది వస్తే అది గుచ్చుకుంటూ పోతారు. క్రమం మారిస్తే సగం కష్టం తగ్గుతుంది. పుల్ల మొన వైపు నుంచి ముందుగా మోజరెల్లా ఉండను గుచ్చి పైకి జరపండి. పట్టుకోవడానికి పైన మూడు వేళ్ళ వెడల్పు ఖాళీ ఉండాలి. తర్వాత ఆకును మధ్యకు మడిచి గుచ్చండి. చివరగా అర చెక్క టొమాటో, గుండ్రటి వైపు నుంచి గుచ్చాలి, కోసిన వైపు కిందికి రావాలి. పుల్ల మొన కోసిన ముఖం దాటి బయటికి పొడుచుకు రాకూడదు, అక్కడికి సమంగా ఆగాలి. అప్పుడు ఆ అర చెక్కే పీటలా పనిచేసి పుల్ల ట్రేలో నిటారుగా నిలబడుతుంది. చూడ్డానికి బావుంటుంది, తీసుకునేవాళ్ళ వేళ్ళు పక్క పుల్లకు తగలవు, ఒకదాని తడి ఇంకోదానికి అంటదు.

ఈ క్రమంలో ఇంకో లాభం ఉంది, మీకు అసలు కావాల్సింది ఇదే. చీజ్ మొదట, ఆకు, టొమాటో చివర. కాబట్టి చీజ్ ఒక్కటే గుచ్చి నాలుగైదు గంటల ముందే ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. చలికి పాడయ్యే రెండింటినీ అతిథులు వచ్చే ముందు చేర్చవచ్చు. పని రెండు భాగాలైపోతుంది, చివరి గంటలో టెన్షన్ ఉండదు.

తడి ఆర్పే పని మాత్రం వదలకండి. మోజరెల్లాను జల్లెడలోకి వంపి పదిహేను నిమిషాలు ఉంచండి, తర్వాత పేపర్ టవల్ మీద పరిచి పైన ఇంకో టవల్ వేసి మెల్లగా అద్దండి. టవల్ తడిస్తే మార్చండి. టొమాటోలను కడిగి పూర్తిగా తుడిచాకే కోయాలి. కోసిన చెక్కలను బోర్లించి టవల్ మీద పది నిమిషాలు ఉంచితే గింజల దగ్గరి నీరు దానంతట అదే దిగిపోతుంది. ఇరవై ఐదు నిమిషాల ఓపిక, అంతే. ట్రేలో నీళ్ళు నిలుస్తాయా లేదా అన్నది ఇక్కడే తేలిపోతుంది.

ఆరిన మోజరెల్లాకు రుచి పట్టించాలి. తాజా మోజరెల్లాలో ఉప్పు చాలా తక్కువ. దాన్ని అలాగే గుచ్చి పైపైన ఉప్పు చల్లితే టొమాటో నీళ్ళు వదులుతుంది, చీజ్ చప్పగానే ఉంటుంది. అరవై ఉండలకు మూడు పెద్ద చెంచాల మంచి ఆలివ్ నూనె, అర టీస్పూను ఉప్పు, అప్పుడే దంచిన మిరియాలు, ఒక నిమ్మకాయ పసుపు తొక్క సన్నగా తురిమింది కలిపి, అరగంట నుంచి గంట ఊరనివ్వండి. తొక్క తురిమేటప్పుడు లోపలి తెల్లని పొర రాకూడదు, చేదు వస్తుంది. ఉండలకు నూనె పట్టాక గుచ్చే ముందు జల్లెడలో ఒకసారి వార్చండి. ఫ్రిజ్‌లో ఉన్నప్పుడు ఆలివ్ నూనె గడ్డకట్టి తెల్లటి పూసల్లా కనిపిస్తే కంగారు పడకండి. గది వేడికి మళ్ళీ కరిగిపోతుంది.

ఆ నూనెలో పచ్చి వెల్లుల్లి వేయాలనిపిస్తే, వేసిన రోజే వాడేయండి, మిగిలింది పారేయండి. నూనెలో మునిగిన వెల్లుల్లిని గది వేడిలో నిల్వ ఉంచితే గాలి తగలని చోట పెరిగే బొట్యులిజం బ్యాక్టీరియా విషం తయారుచేయగలదు. రంగు, రుచి, వాసన దేన్ని బట్టీ దాన్ని పోల్చుకోలేం. సీసాలో వెల్లుల్లి నూనె చేసి వారాల తరబడి గట్టు మీద పెట్టుకునే అలవాటు ఎవరికైనా ఉంటే దయచేసి మానేయండి.

ఇప్పుడు పైన పోసే నల్లని పాకం గురించి, అంటే ద్రాక్షరసంతో చేసే బాల్సమిక్ వెనిగర్‌ను మరిగించి చిక్కబరిచింది. కాప్రి దీవి పేరుతో పిలిచే కప్రేజె సలాడ్ ఈ పుల్లకు మూలం. ఆకుపచ్చ, తెలుపు, ఎరుపు, ఇటలీ జెండా రంగులు. పాత పద్ధతిలో అందులో బాల్సమిక్ వెనిగర్ ఉండదు. నూనె, ఉప్పు, ఆకు అంతే. మంచి టొమాటో దొరికిన రోజు నేనూ వెనిగర్ జోలికి పోను. టొమాటో ఓ మోస్తరుగా ఉన్నప్పుడు మాత్రం ఆ తీపి పులుపు బాగా ఆదుకుంటుంది. ఇటలీలోని మోదెనా ఊళ్ళో పన్నెండేళ్ళు, అంతకుమించి చెక్క పీపాల్లో ఊరబెట్టే సంప్రదాయ బాల్సమిక్ వేరు, షాపుల్లో మామూలుగా దొరికే మోదెనా బాల్సమిక్ వెనిగర్ వేరు. మొదటిది చుక్కలు చుక్కలుగా వాడుకునేది, దాన్ని పొయ్యి మీద పెట్టకూడదు. రెండోది ఒక కప్పు తీసుకుని, వెడల్పాటి చిన్న గిన్నెలో సన్న సెగ మీద మూడో వంతు మిగిలేదాకా మరగనివ్వండి. పదిహేను ఇరవై నిమిషాలు పడుతుంది. కిటికీ తెరిచి ఉంచండి, ఆవిరి కళ్ళను మండిస్తుంది. చెంచా వెనక పల్చగా పూతలా అంటుకోగానే దించేయండి, చల్లారాక ఇంకా చిక్కబడుతుంది. పొయ్యి మీదే చిక్కగా కనిపించేదాకా ఉంచితే చల్లారాక రాయిలా బిగుసుకుపోతుంది. ఇది వారం ముందే చేసి పెట్టుకోవచ్చు. పుల్లల మీద పోయకుండా పక్కన చిన్న గిన్నెలో పెట్టండి, కావాల్సినవాళ్ళు అద్దుకుంటారు. పైన పోస్తే పది నిమిషాల్లో తెల్లని చీజ్ మీద గోధుమరంగు చారలు కారి అలంకరణ అంతా పోతుంది.

మీరు అడిగిన మిగతా రెండు రకాలకు నా సలహా. ఒకటి, ఆలివ్, ఆర్టిచోక్ (కూరగా తినే ఒక పూమొగ్గ), గట్టి చీజ్. సిసిలీలో పండే కాస్తెల్వెత్రానో ఆలివ్‌లు లేత ఆకుపచ్చగా, ఉప్పు తక్కువగా, వెన్నలా ఉంటాయి. ఆలివ్ అలవాటు లేనివాళ్ళు కూడా వీటిని ఇష్టంగా తింటారు. గింజ తీసినవే కొనండి. గింజ ఉన్న ఆలివ్‌ను పార్టీలో, మాట్లాడుకుంటూ తినేచోట, అసలు పెట్టకూడదు, పళ్ళు విరుగుతాయి. నూనెలో నిల్వ చేసిన ఆర్టిచోక్ ముక్కలు, ఎండు టొమాటో సగం, ప్రోవొలోనె అనే గట్టి చీజ్ ముక్క ఒకటి. పార్మిజానో రెజ్జానో (అసలు పార్మెసాన్ చీజ్) ఇక్కడ వద్దు. అది గుచ్చితే పొడిగా విరిగిపోతుంది. ఈ పుల్లలో నీరూరేది ఏదీ లేదు కాబట్టి ముందు రోజు రాత్రే గుచ్చి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. రాత్రికి రాత్రి రుచి ఇంకా పెరుగుతుంది కూడా. పోయినసారి మీరు చేసినట్టు ముందు రోజే పని ముగించుకోవాలంటే దీన్ని ఎంచుకోండి.

రెండోది కర్బూజా, ప్రొషూత్తో. ప్రొషూత్తో అనే పల్చటి ఉప్పు హామ్‌ను తీపి పండుకు చుట్టడం ఇటలీలో వేసవి అలవాటు. పండును ముక్కలు కోసి టవల్ మీద ఆరబెట్టి, హామ్‌ను రిబ్బన్‌లా మడిచి గుచ్చండి. హామ్‌లో ఉన్న ఉప్పు పండులోని నీటిని లాగేస్తుంది కాబట్టి దీన్ని వడ్డించే ముందు అరగంటలోనే చేయాలి. అంత టైమ్ లేకపోతే వదిలేయండి. ఇది పంది మాంసం కాబట్టి తిననివాళ్ళ కోసం ట్రే వేరుగా ఉంచాలి, గుచ్చే చేతులు, పలక కూడా వేరుగా ఉండాలి. శాకాహారులకు అదే పండు, మోజరెల్లా, చిన్న పుదీనా ఆకు పెడితే చక్కగా ఉంటుంది.

శాకాహారులు అన్నారు కాబట్టి ఇది తప్పకుండా చూసుకోండి. చాలా చీజ్‌లలో పాలు విరగడానికి వాడే రెన్నెట్ దూడ పొట్ట నుంచి తీసింది. పార్మిజానోకు అది తప్పనిసరి నియమం, వేరేది వాడితే ఆ పేరు పెట్టుకోనివ్వరు. మోజరెల్లా, ప్రోవొలోనె రెండు విధాలా దొరుకుతాయి. ప్యాకెట్ మీద శాకాహార రెన్నెట్ అనో మైక్రోబియల్ రెన్నెట్ (సూక్ష్మజీవులతో తయారుచేసింది) అనో ఉందేమో చదివి కొనండి. మాంసం లేదు కదా అని పెట్టేస్తాం, తర్వాత తెలిస్తే నమ్మి తిన్న మనిషి మనసు నొచ్చుకుంటుంది.

పిల్లలు ఎక్కువగా వస్తుంటే చీజ్ నింపిన తొర్తెల్లీని పాస్తా కూడా గుచ్చవచ్చు. ప్యాకెట్ మీద చెప్పినదానికి ఒక నిమిషం ముందే దించి, వార్చి, నూనె రాసిన ట్రేలో విడివిడిగా పరచండి. కుప్పగా ఉంచితే అంటుకుపోతాయి. ఆ రోజుకారోజు చేయాలి. పిల్లల పుల్లల మొనలు గుచ్చాక కత్తెరతో కత్తిరించేయండి.

పుల్లలు తొమ్మిది పది సెంటీమీటర్ల వెదురువి తీసుకోండి. పైన ముడి ఉన్నవి పట్టుకోవడానికి వీలుగా ఉంటాయి. మామూలు టూత్‌పిక్ పొట్టిది, వేళ్ళు చీజ్‌కు తగులుతాయి. ఇటాలియన్‌లో టూత్‌పిక్‌ను స్తుత్సికదెంతి అంటారు, ఇలా తినే చిన్న చిరుతిళ్ళను స్తుత్సికీని అంటారు. రెండింటికీ మూలం ఒకటే, గుచ్చి కదిలించడం, ఆకలిని రేపడం. అందుకే పుల్లను ఒక్క నోటికి సరిపడేలా చేయండి. రెండోసారి కొరకాల్సి వస్తే టొమాటో రసం బట్టల మీద పడుతుంది. పుల్లలు నానబెట్టాలా అంటే అక్కర్లేదు. అది నిప్పుల మీద కాల్చేవాటికి.

లెక్క చూద్దాం. తర్వాత భోజనం ఉంది కాబట్టి మనిషికి మూడు పుల్లలు చాలు. ముప్పై మందికి తొంభై, చేతిలో మరో పది, మొత్తం వంద. అరవై మోజరెల్లావి, ఇరవై ఐదు ఆలివ్‌వి, పదిహేను కర్బూజావి అనుకోండి. అరవైకి నీరు వార్చాక 600 గ్రాముల చిలియెజీనె, అర కిలో చెర్రీ టొమాటోలు కావాలి. ఒక్కో పుల్లకు అర చెక్కే కాబట్టి ముప్పై టొమాటోలు చాలు, కానీ మెత్తబడినవి, పగిలినవి తీసేయడానికి కొన్ని ఎక్కువ ఉండాలి. ఆకులు ఎనభై దాకా చూసుకోండి. అన్నిట్లోకీ ముందు అయిపోయేది బేసిలే. చీజ్, టొమాటో మిగిలి ఆకు లేక ఆగిపోవడం నేను చాలాసార్లు చూశాను. ఒక్కరే గుచ్చితే గంటన్నర పడుతుంది. ఇద్దరు కూర్చుంటే ఒకరు చీజ్, ఒకరు టొమాటో పట్టుకోండి, పని వేగంగా సాగుతుంది.

పార్టీ ఏడు గంటలకు అనుకుంటే, ముందు రోజు రాత్రి ఆలివ్ పుల్లలు గుచ్చి మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టండి, బాల్సమిక్ పాకం చేసుకోండి. మధ్యాహ్నం రెండింటికి మోజరెల్లా వార్చి, అద్ది, నూనెలో కలిపి ఊరబెట్టండి, ఫ్రిజ్‌లోనే. మూడింటికి గుచ్చి, టవల్ పరిచిన డబ్బాలో ఒక్క వరుసగా పేర్చి మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టండి. ఒకదాని మీద ఒకటి వేస్తే కిందివి నలుగుతాయి. ఆరుంబావుకు టొమాటోలు కోసి బోర్లించండి. ఆరున్నరకు మొదటి ట్రేకి సరిపడా చీజ్ బయటికి తీసి, ఆకు, టొమాటో చేర్చండి. ఏడింటికి చీజ్ చలి వదిలి మెత్తబడి ఉంటుంది. టొమాటో వైపుకు చిటికెడు ఉప్పు చల్లి అప్పుడే బయటికి పంపండి.

మొత్తం ఒకేసారి పెట్టకండి. తాజా చీజ్ గది వేడిలో రెండు గంటలకు మించి ఉండకూడదు, బయట 32 డిగ్రీలు దాటిన వేడి ఉంటే గంటే. ముప్పై ముప్పైగా మూడు విడతల్లో పంపండి. ప్రతి విడతా తాజాగా ఉంటుంది, ఆలస్యంగా వచ్చినవాళ్ళకు కూడా మొదటివాళ్ళకు దొరికిందే దొరుకుతుంది. ఆరుబయట పార్టీ అయితే ట్రే కింద ఐస్ పెట్టాలని చాలామందికి అనిపిస్తుంది. దాని బదులు చిన్న ట్రేలతో ఎక్కువసార్లు పంపడమే మంచిది. ఐస్ మీద మళ్ళీ చలి, తడి రెండూ చేరతాయి.

ట్రే పక్కన వాడిన పుల్లలు వేయడానికి ఒక చిన్న గ్లాసు పెట్టండి, అందులో మీరే ముందుగా ఒక పుల్ల వేసి ఉంచండి. ఖాళీ గ్లాసు పెడితే అది ఎందుకో ఎవరికీ అర్థం కాదు, పుల్లలన్నీ పూలకుండీల్లో కనిపిస్తాయి.

మిగిలిపోతే, బయట పెట్టినవి దాచకండి. ఫ్రిజ్‌లోంచి తీయనివి ఉంటే పుల్లల నుంచి చీజ్ తీసి, మిగిలిన టొమాటోలతో కలిపి, మర్నాడు అప్పుడే ఉడికించి వార్చిన వేడి పాస్తాలో వేసేయండి. చీజ్ తీగలుగా సాగుతుంది, ఊరబెట్టిన నూనెలో వెల్లుల్లి వేయకపోతే అదే సాస్‌గా సరిపోతుంది. గ్లాసులో బేసిల్ రెమ్మలు మిగిలితే అలాగే ఉంచండి. రోజు విడిచి రోజు నీళ్ళు మారిస్తే కొన్ని వేళ్ళు వేస్తాయి, కుండీలో నాటుకోవచ్చు.